జల్లెడ కంట్లోంచి జారిపోయేవారు

"వరద నీటికి ఆడా మగా తేడా ఏముంటుంది?" అని సత్యనారాయణపురం నుంచి ఒక పాఠకుడు అడిగారు. నీటికి ఆ తేడా లేని మాట నిజమే గాని, ఆ నీటికి మనం గీసే పటాల్లో ఆ తేడా ఉండి కూడా కనబడకుండా పోతుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచెత్తింది. (మా బడిలో పటం అంటే కృష్ణా గోదావరులే, ఊళ్లో పారే బుడమేరు ఏ పరీక్షలోనూ రాలేదు.) మబ్బు కమ్మిన అలాంటి రోజుల్లో రాడార్ ఉపగ్రహాలే దిక్కు. వాటిలో ఒకటైన సెంటినెల్-1 వాడే రేడియో తరంగం పొడవు సుమారు 5.6 సెంటీమీటర్లు గనుక మబ్బులోని సన్నటి నీటి బిందువులు దాన్ని ఆపలేవు. నిశ్చలమైన నీటి మీద ఏటవాలుగా పడిన తరంగం, అద్దం మీద వెలుగులా, అవతలికి జారిపోయి ఉపగ్రహానికి తిరిగి రాదు. కాబట్టి మునిగిన పొలం చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. వీధుల్లో మాత్రం నీటి మీద నుంచి ఎగిరిన తరంగం ఎదురుగోడకు తగిలి వచ్చిన దారినే వెనక్కి పోవచ్చు, అప్పుడు మునిగిన వీధి నల్లబడకపోగా మునుపటికన్నా మెరుస్తుంది. నల్లనిదంతా నీరనే ఒక్క సూత్రంతో పటం గీస్తే, చేలు మునిగాయనీ ఇళ్లు పొడిగా ఉన్నాయనీ తేలుతుంది!

పైగా ఆ చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్ల చదరం. దాన్ని జల్లెడ కన్ను అనుకుంటే, మూడు మీటర్ల సందు అందులోంచి జారిపోయినట్టే. వార్డువారీ జనాభా లెక్క ఇంకా పెద్ద కన్నున్న జల్లెడ: స్త్రీలు ఎందరో చెబుతుంది, ఏ సందులో ఉన్నారో చెప్పదు. ఎంతో సన్నని జల్లెడ పట్టి ఒక్కో ఇంటినీ ఒక చుక్కగా పెట్టినా, ఫోన్ ఎవరి చేతిలో ఉంది, ఈత ఎవరికి వచ్చు, మంచం పట్టిన అత్తగారిని వదిలి కదలలేనిది ఎవరు అన్నవన్నీ ఆ చుక్క లోపలే ఉండిపోతాయి. 1991లో బంగ్లాదేశ్ తుపానుకు సుమారు 1.38 లక్షల మంది బలైతే, వారిలో స్త్రీల పాలు ఎక్కువ కావడానికి కారణాలు ఇలాంటి చోట్లే వెతకాలి.

నాకు తెలిసిన ఒకావిడ వరదప్పుడు డాబా మీద మరుగు లేక, పొద్దుగూకేదాకా మంచినీళ్లు గుక్కెడు గుక్కెడుగానే తాగారు. ఆ దాహాన్ని ఏ రాడారూ పట్టలేదు.

అందుకే వాడకట్టులోని ఆడవాళ్లనే కూర్చోబెట్టి, నేల మీద ముగ్గుపిండితో పటం గీయించే పద్ధతి ఒకటుంది. బోరు, రేషన్ డిపో, రాత్రి దీపం లేని మలుపు, అడిగితే మేడ తలుపు తీసే ఇల్లు, తీయని ఇల్లు, అన్నీ అందులోకి వస్తాయి. ఆ గుర్తులను జీపీఎస్‌తో కొలిచి, ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో, రాడార్ చూపిన నీటి పొర మీద పరిస్తే, పడవ ముందుగా ఏ సందులోకి వెళ్లాలో తెలుస్తుంది.

అయితే ఒంటరి స్త్రీల ఇళ్లకు చుక్కలు పెట్టిన పటం దొంగలకూ అంతే బాగా పనికివస్తుంది. కనుక పడవ నడిపేవారికి ఇంటింటి పటం ఇచ్చినా, నలుగురికీ చూపేదానిలో పావు కిలోమీటరు గడికి ఒక అంకె మాత్రమే వేయాలి. ఇంత సేపూ సన్నని జల్లెడ కావాలన్న నేనే, అక్కడ పెద్ద కన్నున్నదే వాడమంటాను.