నూటికి రెండు వడ్డీ మీద పెరిగే ప్రోటాన్

‘మిథున రాశిలో పేలిన నక్షత్రం నుంచి గామా కిరణాలు వస్తున్నాయట, ఆ రాశివాళ్లు శాంతి చేయించుకోవాలా?’ అని ఒక పాఠకుడు అడిగారు. అక్కర్లేదండీ. ఐసీ 443 అనే ఆ సూపర్‌నోవా శేషం సుమారు 5 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. వచ్చే కాసిని కిరణాలను కూడా మన గాలే ఆపేస్తుంది. అసలు అడగాల్సింది వేరే ఉంది. నక్షత్రం పోయి వేల ఏళ్లయినా అంత శక్తి ఎక్కడిది?

పేలుడు తోసుకెళ్లే షాక్ వేవ్ సెకనుకు 6 వేల కిలోమీటర్లు పోతోందనుకుందాం. కాంతి వేగంలో నూటికి రెండు వంతులు. ఇంచుమించు కాంతి వేగంతో తిరిగే ప్రోటాన్ దాన్ని దాటుతుంది, అవతలి అయస్కాంత క్షేత్రాల చిక్కులో పడి వెనక్కొస్తుంది, మళ్లీ దాటుతుంది. ఒక్కో రాకపోకకు దాని శక్తి సరాసరిన పెరిగేదీ అంతే, నూటికి రెండు. అచ్చం మన ఊళ్లో వడ్డీ! పైగా చక్రవడ్డీ, 35 రాకపోకల్లో అసలు రెట్టింపు.

మరి అన్ని ప్రోటాన్లూ కోటీశ్వరులు కావేం? ప్రతి రాకపోకకు కొన్ని వెనకపడి కొట్టుకుపోతాయి. ఎన్ని? అవీ నూటికి రెండే! అంటే శక్తి రెట్టింపయ్యేసరికి ఆటలో మిగిలేది సగం. పది లక్షల రెట్లు పెరిగేది పది లక్షల్లో ఒక్కటి. వేవ్ ఇంకా వేగంగా పోతే వడ్డీ పెరుగుతుంది, జారిపోయేవీ అదే లెక్కన పెరుగుతాయి, ఈ నిష్పత్తి మాత్రం కదలదు. క్లాసులో సూత్రం బట్టీ పట్టించే బదులు కాలిక్యులేటర్ ఇచ్చి 1.02ను, 0.98ను 35 సార్లు గుణించమంటే పిల్లలు జన్మలో మర్చిపోరు.

1912లో విక్టర్ హెస్ బెలూన్ ఎక్కి కనిపెట్టిన విశ్వకిరణాలు, అంటే అంతరిక్షం నుంచి భూమి మీదికి దూసుకొచ్చే కణాలు, ఎక్కువగా ఇలాంటి ప్రోటాన్లే. విద్యుదావేశం ఉంది కాబట్టి దారిపొడవునా మెలికలు తిరిగి, తమ ఊరేదో చెప్పలేని స్థితిలో వస్తాయి. గామా కిరణం తిన్నగా వస్తుంది. కానీ గామా కిరణాలను ఎలక్ట్రాన్లూ పుట్టిస్తాయి, అదీ చిక్కు. ప్రోటాన్ వాయుమేఘంలో మరో ప్రోటాన్‌ను గుద్దితే తటస్థ పయాన్ అనే విద్యుదావేశం లేని కణం పుట్టి, అప్పటికప్పుడే రెండు గామా కిరణాలుగా చీలుతుంది. పయాన్ కదలకుండా ఉంటే ఆ రెండు కిరణాలకూ చెరో 6.75 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి. అందుకే ఇది ప్రోటాన్ల పనే అయితే, దాదాపు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల దిగువన గామా కిరణాల శక్తి గ్రాఫ్ బాగా పడిపోవాలి. ఐసీ 443, డబ్ల్యూ 44 శేషాల్లో సరిగ్గా ఆ పతనమే కనిపించిందని అంతరిక్షంలో తిరిగే ఫెర్మీ టెలిస్కోప్ బృందం 2013లో ప్రకటించింది.

గాలి ఆపేస్తుందన్నాను కదా, ఆపేటప్పుడు కొన్ని నానోసెకన్ల పాటు నీలి మెరుపు పుడుతుంది. బాగా ఎక్కువ శక్తి ఉన్న గామా కిరణాలను ఆ మెరుపు ద్వారా పట్టే మేస్ టెలిస్కోప్ లడఖ్‌లోని హాన్లేలో ఉంది. 21 మీటర్ల ఆ పళ్లెం తయారీలో మన హైదరాబాద్ ఈసీఐఎల్ చెయ్యి ఉంది.