ఇంకో ఐదు నిమిషాలు

చిరంజీవులు బుజ్జికీ, చింటూకీ అమ్మమ్మ ఆశీస్సులు.

పళ్ళ డాక్టరు దగ్గర చింటూ పెద్ద గొడవ చేశాడని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఐదింటికి రమ్మన్నారట, ఏడైనా పిలవలేదట. ఎప్పుడడిగినా కౌంటర్లో అమ్మాయి "ఇంకో ఐదు నిమిషాలు" అందట. వీడు కుర్చీని ఒక్క తన్ను తన్ని బయటికి వచ్చేశాడట. "నీ మనవడికి ఓపిక బొత్తిగా లేదమ్మా" అంది మీ అమ్మ.

నేను ఒప్పుకోలేదు. మొన్న వేసవిలో తిరుమలలో సర్వదర్శనానికి తొమ్మిది గంటలు కూర్చున్నాం కదా, వీడు ఒక్కసారైనా విసుక్కున్నాడా? కంపార్ట్‌మెంట్లో పక్కవాళ్ళ పిల్లాడితో స్నేహం కట్టాడు. పాలు ఇస్తే రెండు గ్లాసులు తాగాడు. గేటు తీయగానే అందరికంటే గట్టిగా "గోవిందా" అన్నాడు. తొమ్మిది గంటలు కూర్చున్నవాడికి రెండు గంటల ఓపిక లేకపోవడమేమిటి? కుర్చీని తన్నడం మాత్రం తప్పేరా, అది నీకు ఐదు నిమిషాలని చెప్పలేదు.

ఇలా కాచుకుని కూర్చోవడానికి మనకు రెండు మాటలున్నాయి. సంక్రాంతికి మీరొస్తారని నేను వీధి గుమ్మంలో కూర్చుంటే అవి ఎదురుచూపులు. ఒక్క సంతకం కోసం ఆఫీసు వరండాలో పొద్దస్తమానం నిలబడితే అవి పడిగాపులు. గడియారానికి ఈ తేడా తెలియదు, మనిషికి తెలుస్తుంది. తిరుమలలో మన ముందు ఎన్ని కంపార్ట్‌మెంట్లున్నాయో తెలుసు, ఒక్కోటీ కదులుతుంటే కళ్ళకు కనిపించింది. డాక్టరు దగ్గర మూసిన తలుపు ఒక్కటే కనిపించింది.

ఈ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఒకప్పుడు జనాన్ని కూర్చోబెట్టడమే నా ఉద్యోగం. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు ఆపరేటర్ని. అప్పట్లో వేరే ఊరికి మాట్లాడాలంటే ముందు మాకు చెప్పి కాల్ బుక్ చేసుకోవాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు రకాలు. డబ్బు ఎక్కువ పెట్టినవాళ్ళకి ముందు లైను. నేరుగా నంబరు తిప్పుకునే ఎస్టీడీ మన దేశంలో 1960లోనే లక్నో, కాన్పూర్ల మధ్య మొదలైంది గానీ, మా ఊరిదాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పటిదాకా ఇంట్లో ఫోను లేనివాళ్ళందరూ మా వరండా బల్ల మీదే.

బుజ్జీ, నీకు లెక్కలిష్టం కదా, ఇది చూడు. ఒక లైను ఉంది. ఒక్కో కాల్ సగటున మూడు నిమిషాలు. అంటే గంటకి 20 కాల్స్ పడతాయి. గంటకి పదిమందే వస్తే ఒక్కొక్కరూ సగటున మూడు నిమిషాలు ఆగాలి. 18 మంది వస్తే 27 నిమిషాలు. 19 మంది వస్తేనో? 57 నిమిషాలు! ఒక్క మనిషి పెరిగితే అరగంట పెరిగింది. 20 మందికి చోటుంది, వచ్చింది 19 మందేగా అనిపిస్తుంది. కానీ జనం మూడు నిమిషాలకొకరు చొప్పున బుద్ధిగా రారు. ఒకేసారి నలుగురు వస్తారు, తర్వాత పది నిమిషాలు ఎవరూ రారు. ఆ ఖాళీగా పోయిన పది నిమిషాలు మళ్ళీ తిరిగి రావు. పైగా ఒకరు నిమిషంలో ముగిస్తే ఇంకొకరు పది నిమిషాలు మాట్లాడతారు. ఇలాంటి లెక్కలకి దారి వేసింది డెన్మార్క్ దేశపు ఎర్లాంగ్. కోపెన్‌హాగన్‌లో టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ 1909లో మొదటి వ్యాసం రాశాడు. ఫోన్ల రద్దీని ఇప్పటికీ ఆయన పేరుతోనే, ఎర్లాంగ్‌లలో కొలుస్తారు.

కాబట్టి ఆ డాక్టరుగారు లోపల కాళ్ళు చాపుకుని కూర్చున్నారని అనుకోకండి. ఎవరిదో పన్ను పీకడం కష్టమై ఉంటుంది. ఆలస్యం చాలాసార్లు ఎవరి తప్పూ కాదు. నాకు కోపం ఆలస్యం మీద కాదు, ఆ "ఐదు నిమిషాలు" మీద.

అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 28 మంది చిన్నపిల్లలతో చేసిన పరీక్ష ఒకటి 2013లో అచ్చయింది. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలు. ముందు బొమ్మలు వేసుకోవడానికి పాత క్రేయాన్లు ఇచ్చి, "కాస్త ఆగితే ఇంతకంటే మంచివి తెస్తాను" అన్నారు. సగం మందికి నిజంగానే తెచ్చారు. మిగతా సగం మందికి "అయ్యో, లేవమ్మా" అన్నారు. ఆ తర్వాత ఒక మెత్తటి మిఠాయి ముందు పెట్టి, "నేను వచ్చేదాకా తినకుండా ఉంటే రెండోది ఇస్తాను" అని చెప్పి బయటికి వెళ్ళి, ఎంతసేపు ఆగుతారో పావుగంట దాకా చూశారు. మాట నిలబెట్టుకున్నవాళ్ళ దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినవాళ్ళ దగ్గర మూడు నిమిషాలే! ఇంతకుముందు ఇలాంటి మిఠాయి పరీక్షలు చూసి, ఆగలేని పిల్లలకు నిగ్రహం లేదని చాలామంది అనుకునేవారు. పాపం, వాళ్ళు లోకం చూసి లెక్క వేసుకున్నారేమో. మీ అమ్మకి ఈ పేరా చదివి వినిపించండి.

ఇప్పుడు మీ అమ్మకి కూడా చెప్పని సంగతి ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వానాకాలం సాయంత్రం ఒకాయన విజయవాడకి కాల్ బుక్ చేశాడు. కూతురు అక్కడ పురిటికి ఆసుపత్రిలో చేరింది. ఏడింటికే గాలివానకి లైను తెగిపోయింది. ఆ రాత్రికి ఇక రాదని నాకు తెలుసు. కానీ లైను తెగిందని చెప్తే వంద ప్రశ్నలు వేస్తారు. ఐదు నిమిషాలంటే తల ఊపి వెళ్ళి బల్ల మీద కూర్చుంటారు. అందుకని ఆయన కిటికీ దగ్గరికి వచ్చినప్పుడల్లా "ఇంకో ఐదు నిమిషాలండీ" అన్నాను. ఎక్కడ పేరు పిలుస్తానో అని ఆయన టీకి కూడా వెళ్ళలేదు. పదింటికి డ్యూటీ దిగుతూ అసలు సంగతి చెప్పాను.

ఆయన అరవలేదు. "ముందే చెప్పుంటే తొమ్మిదింటి బస్సెక్కేవాణ్ణి కదమ్మా" అన్నాడు. అంతే. తువ్వాలు కప్పుకుని ఆ బల్ల మీదే పడుకున్నాడు. పొద్దున నేను వెళ్ళేసరికి లేడు. పాపో బాబో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత నేను నిమిషాలు చెప్పడం మానేశాను. "మీ ముందు ఆరు కాల్స్ ఉన్నాయండీ" అనేదాన్ని, లేకపోతే "లైను లేదు, ఎప్పుడొస్తుందో తెలియదు" అనేదాన్ని. కొందరు తిట్టుకుంటూ వెళ్ళిపోయేవారు. కొందరు సంతలో పని చూసుకుని వచ్చేవారు. ఉన్నవాళ్ళు మాత్రం నెమ్మదిగా కూర్చునేవారు. చింటూ, ఈసారి వెళ్ళినప్పుడు "ఇంకా ఎంతసేపు" అని అడగకు. "నా ముందు ఎంతమంది ఉన్నారండీ" అని అడుగు. దానికి జవాబు చెప్పడానికి ఆ అమ్మాయికీ ఇబ్బంది ఉండదు, చేతిలో చీటీలు ఉంటాయి కదా.

శనివారం రాత్రి బండికి బయలుదేరుతున్నాను. సున్నుండలు, జంతికలు కట్టాను. టికెట్ మీద ఏ టైము ఉందో మీ నాన్నకి చెప్పను, చెప్తే గంట ముందే సికింద్రాబాద్ స్టేషన్లో నిలబడతాడు. ఖాజీపేట దాటాక నేనే ఫోన్ చేస్తాను. అప్పుడు లేచి మొహాలు కడుక్కోండి. బండి మధ్యలో ఆగిపోతే ఆగిపోయిందనే చెప్తాను.

మీ అమ్మమ్మ