17 ఏళ్లకే మెరుపులా పరిగెత్తిన పిల్లలు తర్వాత ఎందుకు ఆగిపోతారు?

2013 ఏప్రిల్‌లో యోషిహిదే కిర్యూ అనే జపాన్ కుర్రాడు 17 ఏళ్ల వయసులో వంద మీటర్లు 10.01 సెకన్లలో కొట్టేశాడు. ఇంకేముంది, ఇవాళో రేపో పది లోపు వచ్చేస్తాడని అందరూ అనుకున్నారు. వచ్చాడు, కానీ 2017 సెప్టెంబర్‌లో, 9.98. ఆ 0.03 సెకన్లు తగ్గడానికి నాలుగేళ్ల పైనే పట్టింది.

ఇలాంటివి చూసి "పేరు రాగానే తలకెక్కింది, ప్రాక్టీస్ మానేశాడు" అనేస్తుంటారు, నాకది అస్సలు నచ్చదు. అసలు కారణం చాలావరకు ఒంట్లోనే ఉంటుంది.

అమ్మాయిలు సగటున 12 ఏళ్ల దగ్గర, అబ్బాయిలు 14 దగ్గర ఒక్కసారిగా పొడుగవుతారు. ఇది సగటు మాత్రమే, ఒకరికి ఏడాది రెండేళ్లు ముందే వచ్చేస్తుంది, ఇంకొకరికి అంతే లేటవుతుంది, అంటే ఒకే గీత మీద నిలబడ్డ ఇద్దరు 14 ఏళ్ల పిల్లల ఒంటి ఎదుగుదలలో మూడేళ్ల తేడా కూడా ఉండొచ్చు. టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ ముందుగా పెరిగిన అబ్బాయికి కండ, బలం ముందే వచ్చేస్తాయి, స్ప్రింట్‌కి కావాల్సింది అదే కదా. స్టాప్‌వాచ్‌లో కనిపించే టైమ్‌లో టాలెంట్ ఎంత, తొందరగా ఎదిగిన ఒళ్లు ఎంత అన్నది ఆ వయసులో విడదీయడం చాలా కష్టం. 18 వచ్చేసరికి మిగతావాళ్లూ ఎదుగుతారు, అతనేం స్లో అవ్వడు, వాళ్లు అందుకుంటారంతే. ఈలోపు లేటుగా ఎదిగేవాళ్లని సెలెక్షన్స్‌లో తీసేస్తారు చూడండి, నాకు ఎక్కువ బాధ వాళ్ల గురించే.

అమ్మాయిల్లో ఇంకోలా ఉంటుంది. ఆ వయసులో ఒంట్లో కొవ్వు పెరుగుతుంది, బలం మాత్రం అబ్బాయిల్లా ఎగబాకదు, అందుకే కొందరికి ఏడాది రెండేళ్లు టైమ్ కదలదు. అది మామూలే అని ఎవరూ చెప్పకపోతే ఆ పిల్ల తన పనైపోయిందనుకుని పరుగే మానేస్తుంది.

గాయాల సంగతి వేరే. ఫుల్ స్పీడ్‌లో పాదం నేలమీద ఉండేది సెకనులో పదోవంతు మాత్రమే, ఆ కాస్తలో ఒంటి బరువుకి ఎన్నో రెట్ల ఒత్తిడి కాలి మీద పడుతుంది. టీనేజ్‌లో కండ తొందరగా బలపడుతుంది గానీ దాన్ని ఎముకకి పట్టి ఉంచే టెండన్ అంత తొందరగా గట్టిపడదు, ఎముక చివర్లు ఇంకా పెరుగుతూనే ఉంటాయి. పైగా 15 ఏళ్లకే పెద్దవాళ్ల ట్రైనింగ్ అంతా చేయించేస్తే తర్వాత టైమ్ తగ్గించడానికి కొత్తగా కలపడానికి పెద్దగా ఏం మిగలదు. ట్రినిడాడ్ రన్నర్ డారెల్ బ్రౌన్ 2003 పారిస్ వరల్డ్ చాంపియన్‌షిప్స్‌లో 18 ఏళ్లకే వంద మీటర్లు 10.01లో పరిగెత్తి, అక్కడే సిల్వర్ కొట్టాడు, తర్వాత గాయాలు, కెరీర్ బెస్ట్ 9.99 దగ్గరే ఆగింది. ఆ రేసులో గోల్డ్ కొట్టిన కిమ్ కాలిన్స్ మాత్రం 2016లో, 40 ఏళ్ల వయసులో, తన జీవితంలోనే బెస్ట్ టైమ్ 9.93 పరిగెత్తాడు!

తొందరగా మెరిసినవాళ్లంతా ఆగిపోతారనీ కాదు. బోల్ట్ 2004లో 17 ఏళ్లకే 200 మీటర్లు 19.93లో పరిగెత్తాడు, అదే ఏడాది ఏథెన్స్ ఒలింపిక్స్‌లో గాయంతో మొదటి రౌండ్‌లోనే వెనుదిరిగాడు, వంద మీటర్లలో 9.58 వచ్చింది 2009లో.

కోచ్‌లు చేయగలిగింది ఒకటుంది, ఖర్చు కూడా లేదు. మూడు నెలలకోసారి పిల్లల ఎత్తు కొలిచి రాసుకోవాలి, ఎత్తు గబగబా పెరుగుతున్న ఆ కొన్ని నెలలు ఫుల్ స్పీడ్ పరుగులు తగ్గించి, టెక్నిక్ మీద దృష్టి పెట్టాలి.