ఫెరారీని పిల్లల సంస్థకు ఇస్తే పన్ను రాయితీ ఎందుకు రాదు?

2025 ఆగస్టులో అమెరికాలోని మాంటెరేలో జరిగిన ఆర్‌ఎం సోథబీస్ వేలంలో ఒక ఫెరారీ డేటోనా ఎస్‌పీ3 2.6 కోట్ల డాలర్లు పలికింది. అనుకున్న 599 కార్లకు అదనంగా కంపెనీ దీన్ని తయారు చేసి, వచ్చిన సొమ్మును విద్య కోసం పనిచేసే తన ఫౌండేషన్‌కు కేటాయించింది. దాంతో బెంగళూరులో ఖరీదైన కార్లున్న తెలుగువారి మధ్య పాత వాదన ఒకటి మళ్ళీ తలెత్తింది. అరుదైన కారును పిల్లల సంస్థకు దానమిస్తే దాని మార్కెట్ విలువ మేరకు పన్ను రాయితీ ఉండాలని, అది లేకపోవడం వల్లే దాతలు ముందుకు రావడం లేదని యజమానుల పక్షం అంటోంది.

ఈ పక్షం చూపే ఉదాహరణలు నిజమైనవే. ఫెరారీ తన ఎంజో మోడల్‌లో 400వ కారును పోప్ రెండవ జాన్ పాల్‌కు ఇవ్వగా, 2005లో దాన్ని వేలం వేసి వచ్చిన సొమ్మును చెన్నై తీరాన్నీ ముంచిన సునామీ బాధితులకు ఇచ్చారు. 2017లో ఒక లాఫెరారీ అపెర్టాకు వచ్చిన 83 లక్షల యూరోలు సేవ్ ద చిల్డ్రన్ అనే పిల్లల సంస్థకు వెళ్ళాయి. అయితే వీటన్నిటిలో కారు వదులుకున్నది తయారీదారు, అమ్మింది వేలం సంస్థ, బాధితులకూ పిల్లల సంస్థకూ చేరింది డబ్బు. కారును తెచ్చి పిల్లల సంస్థ వాకిట్లో నిలబెట్టిన సందర్భం వీటిలో ఒక్కటీ లేదు.

మన చట్టం ఈ తేడా దగ్గరే గీత గీసింది, ఇప్పటి వాదన కూడా అక్కడే మొదలవుతుంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80జీ సెక్షన్ కింద రాయితీ కావాలంటే దానం డబ్బు రూపంలోనే ఉండాలని 1976లో ఒక వివరణ చేర్చారు. అంతకు ముందు వస్తురూపంలో ఇచ్చినవారి సంగతేమిటన్న ప్రశ్న శ్రీరామవర్మ కేసులో సుప్రీంకోర్టుకు చేరింది. అందులో దానమిచ్చింది కారు కాదు, షేర్లు. ఆ వివరణ కొత్త నిబంధన కాదని, చట్టం మొదటినుంచీ మాట్లాడుతున్నది చెల్లించిన సొమ్ము గురించేనని కోర్టు తేల్చింది. రోజూ మార్కెట్లో ధర పలికే షేర్లకే దారి లేనప్పుడు, ప్రపంచం మొత్తమ్మీద కొన్ని వందలే ఉన్న కారుకు విలువ కట్టి రాయితీ ఇమ్మనడం ఎంత దూరం పోతుందో యజమానుల పక్షం చెప్పడం లేదు.

అలా విలువ కట్టనిస్తే ఏమవుతుందో అమెరికా చూసింది. అక్కడ కారు దానమిచ్చినవారు తమ అంచనా ప్రకారమే రాయితీ రాసుకునేవారు. 2003లో అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ కొన్ని దానాలను పరిశీలించగా, మూడింట రెండు వంతుల్లో సేవా సంస్థకు చివరికి దక్కింది దాత చూపిన విలువలో 5 శాతం, లేదా అంతకన్నా తక్కువ. దక్కని ఆ విలువకు కూడా ఇచ్చిన రాయితీ భారాన్ని ఖజానా మోసింది. అత్తసొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. మరుసటి ఏడాది చట్టం మార్చి, సంస్థ కారును వాడుకోకుండా అమ్మేస్తే ఆ అమ్మకంలో వచ్చినంతకే రాయితీ అన్నారు.

బెంగళూరులో దీనికి తోడు రిజిస్ట్రేషన్ చిక్కు కూడా ఉంది. 2025 ఫిబ్రవరిలో రవాణా శాఖ ఇతర రాష్ట్రాల నంబర్లతో తిరుగుతున్న 30 ఖరీదైన కార్లను స్వాధీనం చేసుకుంది. ఆ జూలైలో మహారాష్ట్ర నంబరున్న ఒక ఫెరారీ ఎస్‌ఎఫ్90 యజమాని కర్ణాటకకు పన్ను బకాయి కింద రూ.1.42 కోట్లు కట్టాల్సి వచ్చింది. ఇలాంటి బకాయి ఉన్న కారును దానంగా తీసుకుంటే, ఆ తలనొప్పి కూడా పిల్లల సంస్థకు దానంగానే వస్తుంది. పోనీ ధర పెరిగేదాకా దాచుకుందామన్నా కుదరదు. చట్టం అనుమతించిన పెట్టుబడుల్లో లేని ఆస్తి చేతికొస్తే, ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక ఏడాదిలోగా సంస్థ దాన్ని వదిలించుకోవాలి, లేదంటే దాని పన్ను మినహాయింపుకే ఎసరు వస్తుంది. కొనేవాళ్ళు నలుగురైదుగురు మాత్రమే ఉండే కారుకు గడువు పెట్టుకుని బేరం చేస్తే ఏ ధర వస్తుందో ఊహించవచ్చు.

ఇంతకీ యజమానికి దారి మూసుకుపోలేదు. సొంత వాడకానికి ఉంచుకున్న కారు ఆదాయపు పన్ను దృష్టిలో మూలధన ఆస్తి కాదు కనుక, దాన్ని తానే అమ్ముకుంటే వచ్చిన లాభంపై మూలధన లాభాల పన్ను ఉండదు. ఆ సొమ్మును చెక్కు ద్వారా ఇస్తే, పాత పన్ను విధానంలో ఉన్నవారికి సాధారణంగా అందులో సగం రాయితీకి లెక్కకొస్తుంది, కాకపోతే దానం స్థూల ఆదాయంలో 10 శాతం మించితే ఆ పైది లెక్కలోకే రాదు. అంటే రూ.5 కోట్ల దానం పూర్తిగా లెక్కలోకి రావాలంటే ఆ ఏడాది ఆదాయం రూ.50 కోట్లు ఉండాలి. యజమానుల అభ్యంతరంలో కాస్త పస ఉన్నది ఈ పరిమితి గురించి మాత్రమే, విచిత్రంగా వారు దాన్ని గట్టిగా ఎత్తడం లేదు.

కారు కంపెనీ పేరున ఉంటే కథ వేరు. అప్పుడు దాత కంపెనీయే అవుతుంది, కారు అమ్మకం కూడా కంపెనీ లెక్కల్లోనే తేలాలి. దాన్ని కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) ఖర్చుగా చూపుదామంటే, వస్తురూపంలో ఇచ్చినదాన్ని డబ్బుగా మార్చి లెక్కించరాదని కంపెనీ వ్యవహారాల శాఖ 2021లోనే స్పష్టం చేసింది. కాబట్టి రాయితీ అడిగేవారు ముందుగా చెప్పాల్సింది కారు ధర కాదు, రిజిస్ట్రేషన్ పత్రంలో ఎవరి పేరు ఉందో, ఏ రాష్ట్రంలో పన్ను కట్టారో.