ఈస్ట్‌లో తయారైన ఎంజైమ్, గుండె జబ్బు: అపోహలు - వాస్తవాలు

మన కణాల్లో కొవ్వును విడగొట్టే మానవ ఎంజైమ్ లైసోసోమల్ యాసిడ్ లైపేజ్‌ను పికియా అనే ఈస్ట్‌లో ఉత్పత్తి చేసి శుద్ధి చేయడం మా ప్రయోగశాల పని అని తెలిసిన బంధువుల్లో, "రక్తనాళాల్లో కొవ్వును కరిగించే ఎంజైమ్ వచ్చేసిందట, ఎక్కడ దొరుకుతుంది?" అని అడగనివారు అరుదు.

అపోహ: ఈ ఎంజైమ్ గుళికలు మింగితే స్టాటిన్ (కొలెస్టరాల్ తగ్గించే మందు) మానేయవచ్చు.

వాస్తవం: ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. ఈ ఎంజైమ్ కణాల లోపల, లైసోసోములనే చిన్న జీర్ణ సంచుల ఆమ్ల వాతావరణంలో కొలెస్టరాల్ ఎస్టర్లను (కొవ్వు ఆమ్లంతో జతకట్టిన కొలెస్టరాల్‌ను) విడగొడుతుంది. నోటి ద్వారా తీసుకుంటే పెసరట్టులోని ప్రోటీన్ లాగే అరిగిపోతుంది. పికియాలో తయారైన ఎంజైమ్‌ను సూదితో ఇచ్చినప్పుడు ఎలుకల ధమనుల్లో కొవ్వు ఫలకాలు తగ్గాయని 2004లో ప్రచురితమైన మాట నిజమే కానీ, అవి రక్తంలోని చెడు కొలెస్టరాల్‌ను తొలగించే ఎల్‌డీఎల్ గ్రాహకం లేకుండా ప్రత్యేకంగా పెంచిన ఎలుకలు. 2015లో అమెరికాలో అనుమతి పొందిన సెబెలిపేజ్ ఆల్ఫా, జన్యుమార్పిడి చేసిన కోళ్ల గుడ్ల తెల్లసొన నుంచి తీసే ఇదే ఎంజైమ్. దానిని కూడా పుట్టుకతో ఈ ఎంజైమ్ లోపించిన అరుదైన రోగులకే, అదీ నరం ద్వారా ఎక్కిస్తారు.

స్టెంట్ వేయించుకున్న మా బాబాయి వరస పెద్దాయన ఒకరు స్టాటిన్ ఆపేసి, "లైపేజ్" అని రాసి ఉన్న గుళికల సీసా నాకు చూపించారు. అది తిన్న తిండిలోని కొవ్వు అరగడానికి వాడే వేరే లైపేజ్. కండరాల నొప్పులకు భయపడి మాత్ర మానిన ఆయనను తప్పుపట్టలేను, ఆ భయం కార్డియాలజిస్టుకు చెప్పుకుంటే మోతాదో మందో మార్చేవారు. ఆ భయాన్ని సొమ్ము చేసుకునే ప్రచారాన్ని మాత్రం సహించలేను.

ఈస్ట్ తాను తయారుచేసే ప్రోటీన్లకు మానోజ్ అనే చక్కెర ఎక్కువగా ఉన్న గొలుసులు తగిలిస్తుంది కనుక ఎంజైమ్ పనికిరాదన్నది విద్యార్థుల అపోహ. ఫలకాల్లో కొవ్వు మేసి ఉబ్బే మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలకు మానోజ్‌ను పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి కాబట్టి, ఇక్కడ ఆ గొలుసులే ఎంజైమ్‌ను కణం లోపలికి చేరుస్తాయి. ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి వేరుచేసే జెల్ మీద ఎంజైమ్ పట్టీ కనిపించగానే పని అయిపోయిందనుకోవడం మరొకటి. ఎంజైమ్ పనిచేసి విడగొడితేనే వెలిగే 4-మిథైల్‌అంబెల్లిఫెరిల్ ఓలియేట్ అనే పదార్థం కలిపిన నమూనా అతినీలలోహిత కాంతిలో నీలంగా వెలిగేదాకా నేను ఆ పట్టీని నమ్మను.

ఇక ఈస్ట్‌లో తయారైనదేదైనా ప్రమాదమేనన్న వదంతికి ఎక్కువ సమయం అక్కరలేదు: 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ విడుదల చేసిన హెపటైటిస్-బి టీకా పికియాలో తయారైనదే.