షూ కరుస్తోందని సైజు పెంచకండి

42 నంబరు సైకిల్ షూ చిటికెన వేలి పక్కన కరుస్తుంది. షాపులో 43 తీసిస్తారు, అదీ పట్టేస్తుంది. 44 వేసుకున్నాక ‘హమ్మయ్య, ఇది బాగుంది’ అనిపించి బిల్లు కట్టేస్తారు. నలభై కిలోమీటర్లు తొక్కేసరికి మడమ లోపల జారుతుంటుంది, ముందు వేళ్లు తిమ్మిరెక్కుతాయి, అరికాలి ముందు భాగంలో నిప్పు మీద పెట్టినట్టు మంట. అంత పెద్ద షూ కొన్నా మళ్లీ వేళ్ల దగ్గరే నొప్పేమిటన్నది చాలామందికి అర్థం కాదు. అర్థం కావాలంటే కాస్త లెక్క వెయ్యాలి.

42, 43 అని మనం చెప్పే యూరప్ నంబర్లకి కొలమానం ప్యారిస్ పాయింట్. ఒక్కో నంబరుకి పొడవు 6.67 మి.మీ. పెరుగుతుంది. అదే సమయంలో వేళ్ల మొదలు దగ్గర షూ చుట్టుకొలత మామూలుగా 5 మి.మీ. మాత్రమే పెరుగుతుంది. అది చుట్టూ పంచుకుపోగా షూ అడుగుభాగం వెడల్పుకి దక్కేది రెండు మి.మీ. కూడా ఉండదు. అంటే 42 నుంచి 44కి వెళ్తే పొడవు 13 మి.మీ. పైన పెరుగుతుంది, వెడల్పు మూడు నాలుగు మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. ఆ కాస్త లాభం కూడా చేతికి రాదు. మడమ నుంచి వేళ్ల మొదలు దాకా దూరం పాదం పొడవులో ఇంచుమించు 70 శాతం ఉంటుంది. షూ 13 మి.మీ. పొడవైతే దానిలో అన్నిటికన్నా వెడల్పైన చోటు 9 మి.మీ. ముందుకి పోతుంది. మీ పాదంలో వెడల్పైన చోటు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది కాబట్టి అది షూ సన్నబడే భాగంలోకి వచ్చి పడుతుంది. అందుకే పెద్ద షూ కూడా కరుస్తుంది. క్లీట్ (షూ అడుగున బిగించే, పెడల్‌కి తగులుకునే బిళ్ల) బిగించే రంధ్రాలూ ఆ 9 మి.మీ. ముందుకే జరుగుతాయి. క్లీట్‌ని వెనక్కి లాగుదామంటే గాడి చివరికి తగిలి ఆగిపోతుంది.

కావలసింది పొడవైన షూ కాదు, అదే పొడవులో వెడల్పైన అచ్చు మీద కుట్టిన షూ. పాదం కొలవడానికి బ్రానాక్ అనే లోహపు పరికరం ఒకటుంది. 1920లలో అమెరికాలోని సిరక్యూస్‌లో పుట్టింది. అది పాదం పొడవు, మడమ నుంచి వేళ్ల మొదలు దాకా దూరం, వెడల్పు మూడూ కొలుస్తుంది. దాని మీద వెడల్పుని అక్షరాలతో గుర్తిస్తారు: మగవాళ్లకి డి మామూలు, ఆ తర్వాత ఇ, డబుల్ ఇ. ఒక్క అక్షరం పెరిగితే 3/16 అంగుళం, అంటే 4.8 మి.మీ. రెండు నంబర్లు పెంచినా రాని వెడల్పు పొడవు మారకుండానే ఒక్క అక్షరంతో వచ్చేస్తుంది.

మన దగ్గర ఈ ఇబ్బంది ఎక్కువ ఉండటానికి కారణం ఉంది. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాల్ని త్రీడీ స్కానర్లతో కొలిచింది. భారతీయుల పాదాలు సాధారణంగా యూరప్, అమెరికా వాళ్లవాటి కన్నా వెడల్పని తేలింది. ‘భా’ అనే కొత్త కొలతల పద్ధతిని ప్రతిపాదించడం వెనక ఉన్నది ఈ సర్వేనే. సరిపడే వెడల్పు దొరక్క మనవాళ్లు అవసరానికి మించిన పొడవు షూలు తొడుక్కుని లేసులు బిగించి నెట్టుకొస్తున్నారని కూడా అందులో బయటపడింది. మామూలు షూలో అది నడిచిపోతుంది. సైకిల్ మీద నడవదు.

ఎందుకంటే నడకలో మడమ నేలను తాకాక బరువు ముందుకి దొర్లుతుంది, అడుగడుక్కీ పాదానికి క్షణం విశ్రాంతి దొరుకుతుంది. పెడల్ మీద బరువంతా వేళ్ల మొదలు దగ్గరే, అదీ ఒకే చోట. నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటలో ఒక్కో కాలు 5,400 సార్లు నొక్కుతుంది. నొక్కిన ప్రతిసారీ పాదం కొద్దిగా పక్కలకి విచ్చుకోవాలని చూస్తుంది, షూ గోడ అడ్డుకుంటుంది. వేళ్లలోకి వెళ్లే నరాలు అక్కడి పొడుగు ఎముకల చివరల మధ్యనుంచే పోతాయి. ఎముకలు దగ్గరికి నొక్కుకుంటే నరం నలుగుతుంది, ముఖ్యంగా మూడు, నాలుగు వేళ్ల మధ్యది. మొదట తిమ్మిరి, తర్వాత మంట. ఏళ్ల తరబడి నలిగితే నరం చుట్టూ కణజాలం మందమెక్కుతుంది, దాన్ని మోర్టన్ న్యూరోమా అంటారు. సైకిల్ దిగి షూ విప్పాక కూడా తిమ్మిరి పోకపోయినా, మధుమేహం ఉన్నా, ఆ నెపం షూ మీదికి నెట్టి ఊరుకోవద్దు, డాక్టరుకి చూపించాలి.

కొలత ఇంట్లోనే తీయొచ్చు. సాయంత్రం తీయండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, వేసవిలో మరీను. సైకిల్‌కి వేసుకునే సాక్సే తొడుక్కోండి. గచ్చు మీద ఎ4 కాగితాన్ని గోడకి ఆనించి, మడమ గోడకి తగిలేలా నిలబడండి. కూర్చుని కొలిస్తే వెడల్పు తక్కువొస్తుంది, లెక్కంతా అక్కడే తప్పుతుంది. గీసేది వేరొకరైతే మంచిది, మీరే వంగితే బరువు మారిపోతుంది. పెన్సిలు నిలువుగా పట్టుకోవాలి. లోపలికి వాలితే వెడల్పు తగ్గుతుంది, బయటికి వాలితే పెరుగుతుంది. రెండు పాదాలూ గియ్యండి, రెండింటిలో పెద్దదే లెక్క. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తు నుంచి చిటికెన వేలి మొదట్లో ఉబ్బెత్తు దాకా ఏటవాలుగా వెడల్పు కొలవండి. ఉదాహరణకి పొడవు 262, వెడల్పు 108 మి.మీ. వచ్చిందనుకుందాం. 108ని 262తో భాగిస్తే 0.41. ఈ లెక్క 0.40 దాటితే మామూలు వెడల్పు షూలు వేసి చూడటం కూడా వృథా అన్నది మా అంచనా. ఇది శాస్త్రీయ గీత కాదు, షాపులో టైము ఆదా చేసే గీత.

సైకిల్ షూలో పొడవు ఖాళీ ఎక్కువ అక్కర్లేదు. పరుగు షూలో ముందు బొటనవేలంత ఖాళీ వదలమంటారు గానీ, పెడల్ మీద పాదం ముందుకి తోసుకుపోయే సందర్భం ఉండదు. 5 నుంచి 8 మి.మీ. చాలు. కంపెనీ పట్టికల్లో సెంటీమీటర్ల వరుస చూడండి, నంబరు వరుస కాదు. జపాన్ కంపెనీ షిమానో పట్టికలో 42 అంటే 26.5 సెం.మీ., 43 అంటే 27.2. ఇది పాదం పొడవు, షూ లోపలి పొడవు కాదు, కాబట్టి ఖాళీని మళ్లీ కలపక్కర్లేదు. పై ఉదాహరణలోని పాదానికి 42 వెడల్పు రకం మొదట వేసి చూడాలి, వేళ్లు తగిలితేనే 43 వెడల్పు రకం.

షాపులో చెయ్యాల్సిన అసలు పరీక్ష షూ తొడుక్కోవడం కన్నా ముందే ఉంది. లోపలి ఇన్‌సోల్ బయటికి లాగి నేల మీద పెట్టి, మడమ దాని మడమ గుంటలో కుదిరేలా దాని మీద నిలబడండి. పాదం అంచులు దాని లోపలే ఉండాలి. చిటికెన వేలి వైపు రెండు మి.మీ. దాకా బయటికొస్తే పై భాగం మెత్తనైతే సర్దుకుంటుంది. నాలుగైదు మి.మీ. వస్తే ఆ షూ ఎంత చవకైనా అక్కడే వదిలెయ్యండి. ఇన్‌సోల్ వెడల్పంటే ఇంచుమించు అడుగు వెడల్పే. సైకిల్ షూ అడుగు గట్టి నైలాన్‌తోనో కార్బన్‌తోనో పోసింది, అది జన్మలో సాగదు.

‘సాగదీయిస్తాం లెండి’ అనే మాటకి జవాబు కూడా ఇదే. తోలు షూ అయితే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర కర్ర అచ్చు పెట్టి రెండు రోజుల్లో వదులు చేయించొచ్చు. ఇప్పుడొచ్చే చవక సైకిల్ షూల పై భాగం ఎక్కువగా సింథటిక్. కాస్త వేడి చేసి సాగదీసినా చాలావరకు వెనక్కి ముడుచుకుంటుంది, వేడి ఎక్కువైతే అడుగుని అంటించిన జిగురు మెత్తబడి అంచు లేచిపోతుంది. ఒకవేళ పై భాగం సాగినా పాదం అంచు అడుగు దాటి గాల్లో వేలాడుతుంది, నొక్కుడు ఆ అంచు మీదే పడుతుంది. ఎముక పొడుచుకొచ్చిన ఒక్క చోట గుండ్రంగా ఉబ్బించడానికైతే సాగదీత పనికొస్తుంది, మొత్తం వెడల్పు పెంచడానికి కాదు. ఆస్ట్రేలియా కంపెనీ బాంట్ షూలని ఓవెన్‌లో 70 డిగ్రీలకి వేడి చేసి పాదానికి తగ్గట్టు మలుచుకోవచ్చు, అవి అందుకోసమే చేసినవి. వాటిని చూసి వేరే షూని ఓవెన్‌లో పెట్టకండి.

పట్టేస్తున్నది పక్కల నుంచి కాక పైనుంచి అయితే చవక వైద్యం ఉంది: కంపెనీ ఇన్‌సోల్ తీసేసి దానికన్నా పల్చటిది వెయ్యడం. రెండు మి.మీ. తగ్గినా పాదం పైన ఆమేరకు చోటు దొరుకుతుంది. గిరో కంపెనీ ‘హెచ్‌వీ’ అని రాసేది లోపల చోటు ఎక్కువున్న రకం. ఇక్కడా ఇన్‌సోల్ పరీక్ష మానొద్దు.

బిగింపు సంగతి. తిప్పితే తీగ బిగుసుకునే డయల్ ఒక్కటే, తీగా ఒక్కటే ఉన్న చవక షూలో తీగ మొత్తం ఇంచుమించు ఒకే బిగువు ఉంటుంది. మడమ జారకుండా తిప్పితే వేళ్ల దగ్గరా బిగుసుకుంటుంది. విడివిడిగా మూడు వెల్క్రో పట్టీలున్న పాతకాలపు షూ వెడల్పాటి పాదానికి దీనికన్నా నయం. పై పట్టీ గట్టిగా, కింది పట్టీ వదులుగా పెట్టుకోవచ్చు. లేసులైతే ఇంకా మేలు, వేళ్ల వైపున్న మొదటి జత రంధ్రాలు వదిలేసి కట్టుకుంటే అక్కడ ఒత్తిడి ఇట్టే తగ్గుతుంది.

బడ్జెట్ అయిదు నుంచి ఎనిమిది వేల మధ్య అయితే కార్బన్ అడుగు మాట మరిచిపోండి. గట్టి అడుగు పాదం కింద ఒత్తిడిని పెంచుతుంది కూడా, వెడల్పు సరిపడని పాదానికి అది పుండు మీద కారం. నైలాన్ అడుగు, రెండు బోల్టుల ఎస్పీడీ (షిమానో పెడల్ పద్ధతి) క్లీట్, షిమానో ప్రారంభ మోడళ్లలో ‘వైడ్’ అని రాసింది దొరికితే అదే మొదటి ఎంపిక. పెట్టె మీద ఆ మాట ఉందో లేదో చూడండి, మోడల్ పేరు ఒకటే అయినా అచ్చు వేరు. ఇటలీ కంపెనీ సిడిలో వెడల్పు రకాన్ని ‘మెగా’ అంటారు, లేక్ కంపెనీకి వెడల్పు రకాలు చాలా ఉన్నాయి గానీ ఈ బడ్జెట్‌లో ఇమడవు. ఎస్పీడీ పెడళ్లు కొంటే క్లీట్లు వాటితోనే వస్తాయి. ఒక జాగ్రత్త కూడా ఉంది. క్లీట్ చిన్నది, అడుగు మరీ మెత్తనైతే దాని ఆకారం అరికాలికి తెలుస్తుంది. క్లీట్ బిగించే చోట లోపల్నుంచి వేలు పెట్టి, బయట బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి, కదిలితే వద్దు.

ఇంకో దారి షిమానో ఎస్పీడీ శాండిల్. వేళ్ల ముందు, పక్కల తెరిచే ఉంటుంది, మన ఎండలకి వెడల్పాటి పాదానికి ఇంతకన్నా హాయి లేదు, బ్రెవేలనే దూరపు రైడ్లలో పొద్దస్తమానం తొక్కేవాళ్లలోనూ ఇష్టపడేవాళ్లున్నారు. రోజూ ఆఫీసుకి పది పదిహేను కిలోమీటర్లే అయితే క్లీట్ గొడవే వద్దు, చిన్న ముళ్లున్న వెడల్పు ఫ్లాట్ పెడళ్లు, అడుగు గట్టిగా ఉన్న మామూలు షూ చాలు.

కొన్నాక క్లీట్ వెంటనే బిగించకండి. గీతలు పడ్డ అడుగుని ఏ షాపూ వెనక్కి తీసుకోదు. రెండు సాయంత్రాలు ఇంట్లో అరగంట చొప్పున వేసుకుని కూర్చోండి, చిటికెన వేలు తిమ్మిరెక్కితే మార్చుకోండి. కుదిరాక క్లీట్‌ని వేళ్ల మొదలు కన్నా అయిదారు మి.మీ. వెనక్కి పెట్టండి, వేళ్ల మీద భారం తగ్గుతుంది. బోల్టులకి చుక్క గ్రీజు రాసి, 4 మి.మీ. అలెన్ కీతో 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు బిగించాలి. వెడల్పు షూకి ఇంకో చిక్కుంది, అది క్రాంక్‌ని (పెడల్ బిగించి ఉండే కమ్మీని) రాసుకుంటుంది. మొదటి వారం క్రాంక్ మీద నల్ల గీత పడుతోందేమో చూడండి. పడితే క్లీట్‌ని షూ అడుగున బొటనవేలి వైపుకి రెండు మి.మీ. జరపండి, షూ అంతే దూరం బయటికి వస్తుంది.