బావంచాల పొట్లం

పోయిన మార్చిలో మా పెద్దమ్మ వరంగల్ పోయి ఒక పొట్లం తెచ్చుకుంది. విప్పితే బావంచాలు, అంటే బాకుచి మొక్క గింజలు. పెసరగింజంత, నల్లగా, ఘాటైన వాసన. ముడతలు తగ్గించే క్రీముల్లో ఇవే వేస్తున్నారని ఎవరో ఫోన్లో చూపించారట. పాలల్లో నూరి ముఖానికి పట్టించుకుని మిరప ఏరడానికి పోతానంది. వద్దే వద్దని చెయ్యి పట్టుకున్నాను.

ముడతలు ఎందుకొస్తాయో ఆ చేతినే చూస్తే తెలుస్తుంది. నర్సంపేట దగ్గర మిరప తోటల్లో ముప్పై ఏళ్లు ఎండకు కాగిన చెయ్యి అది. ముంజేయి గరుకుగా, మచ్చలు పడి, పట్టి వదిలితే మడత అలాగే నిలబడుతుంది. రవిక కింద, రెక్క లోపలి వైపు చర్మం మాత్రం ఇప్పటికీ నున్నగా ఉంది. రెండు చోట్లా వయసు ఒక్కటే, తేడా అంతా ఎండది. చర్మం లోపలి పొరలో కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు నవారు మంచంలా అల్లుకుని ఉంటాయి. ఎండలోని యూవీఏ అనే కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు అంత లోతుకూ దిగి, ఆ పోగులను తెంచే ఎంజైములను పెంచుతాయి. నవారు వదులైతే మంచం కుంగినట్టే చర్మమూ కుంగుతుంది. 28 ఏళ్లు లారీ నడిపిన ఒక అమెరికా డ్రైవర్ ఫోటో 2012లో వైద్య పత్రికలో వచ్చింది. కిటికీ వైపున్న ఎడమ చెంప నిండా లోతైన ముడతలు, కుడి చెంప ఎంతో నయం. అద్దం కూడా యూవీఏను పూర్తిగా ఆపలేదు మరి.

దీనికి ఆకో గింజో విరుగుడు అంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అది లోపలికి పోతుందా? చర్మం పైపొర తల వెంట్రుక కన్నా పల్చన. అయినా గట్టి గోడ. చనిపోయిన కణాలు ఇటుకలు, మధ్యలో కొవ్వు సున్నం. అణువు బరువును డాల్టన్లలో కొలుస్తారు, అది సుమారు 500 దాటితే ఆ గోడలో దూరడం కష్టం. కొల్లాజెన్ భారం దాదాపు 3 లక్షలు, అందుకే కొల్లాజెన్ క్రీము తేమను నిలిపి పైపైనే ఉండిపోతుంది. మన నిజామాబాద్ పసుపులోని కర్క్యుమిన్ 368 మాత్రమే, దూరగలదు. కానీ నీళ్లలో దాదాపు కరగదు, వెలుతురు తగిలితే విరిగిపోతుంది. పసుపు మీద నాకు గౌరవం తగ్గలేదు, ముడతల విషయంలో మాత్రం దాని మీద ఆశ పెట్టుకోను.

బావంచాల కథ వేరు. వాటిలోని బాకుచియోల్‌ను 1966లో పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీ వాళ్లే వేరు చేశారు. దాని భారం 256, నూనెలో కలుస్తుంది. ముడతలకు డాక్టర్లు చెప్పే, విటమిన్ ఎ జాతి రెటినాల్‌తో దీనికి రూపంలో పోలిక లేదు, అయినా చర్మ కణాల్లో చాలావరకు అవే జన్యువులను కదిలిస్తుంది. 2018లో వెలువడిన ఒక పరీక్షలో 44 మంది 12 వారాల పాటు ఈ రెండింట్లో ఒకటి వాడారు. బాకుచియోల్ 0.5 శాతం రోజుకు రెండుసార్లు, రెటినాల్ 0.5 శాతం ఒకసారి. రెండూ ముడతలను దాదాపు ఒకేలా తగ్గించాయి. పొట్టు రాలడం, మంట రెటినాల్ వాడినవాళ్లకే ఎక్కువ. ఇది చిన్న పరీక్షే, వట్టి క్రీము రాసుకున్న గుంపు కూడా అందులో లేదు. అయినా మొక్కల సారాల్లో ఇంతమాత్రం ఆధారం ఉన్నవి కొన్నే.

మరి పెద్దమ్మను ఎందుకు ఆపాను? అదే గింజలో సొరాలెన్ అనే పదార్థం కూడా ఉంటుంది. చర్మానికి పట్టాక ఎండ తగిలితే అది కణాల డీఎన్ఏకు అతుక్కుపోతుంది. ఒకటి రెండు రోజులకు చర్మం ఎర్రబారి, బొబ్బలెక్కి, చివరికి నల్ల మచ్చలు మిగులుతాయి. ఈ గుణాన్నే బొల్లి వైద్యంలో డాక్టర్లు మోతాదు చూసి, వెలుగు నిమిషాలు లెక్కగట్టి వాడతారు. క్రీముకు పనికొచ్చే బాకుచియోల్‌ను సొరాలెన్ లేకుండా శుద్ధి చేయాలి, నూరుడు రాయి మీద అది జరగదు.

"మరి డబ్బా క్రీము కొనుక్కోనా?" అంది. కొంటే శాతం అచ్చు వేసి ఉన్నదే చూడమన్నాను. డబ్బా మీది పదార్థాల పట్టికలో ఒక శాతం లోపు ఉన్నవాటిని ఏ వరసలోనైనా రాయొచ్చు, పేరు ఎక్కడుందో చూసి మోతాదు పోల్చుకోలేం. కొన్నా రాత్రి పూట రాసుకోమని, పగలు ముఖం మీద ఎండ పడనీయొద్దని చెప్పాను. మర్నాడు తోటకు పోతూ తువ్వాలును నెత్తి మీంచి చెంపల దాకా దించి కట్టుకుంది. పొట్లం అటక మీద ఉంది.